పడకగదిలో సబ్‌వూఫర్ పెట్టాక ఒక్క స్వరమే గుమ్మంటోంది, పక్క స్వరం వినిపించడం లేదు

ప్రశ్న

అందరికీ నమస్కారం. పడకగదిలో పాటలు వినడానికి ఒక చిన్న స్టీరియో అమర్చుకున్నాను. అయిదంగుళాల వూఫర్ ఉన్న రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, సబ్‌వూఫర్ (అట్టడుగు స్వరాల కోసమే ఉండే స్పీకర్) కోసం ప్రత్యేకమైన అవుట్‌పుట్ ఏదీ లేని ఒక మామూలు స్టీరియో యాంప్లిఫయర్ నా దగ్గర ఉన్నాయి. గాత్రం, వయొలిన్, గిటార్ వీటిలో ఎంతో హాయిగా వినిపిస్తాయి కానీ, బేస్ గిటార్ కింది స్వరాలు మాత్రం ఉన్నాయని ఊహించుకోవాల్సిందే తప్ప చెవికి అందవు. ఆ లోటు తీరుతుందని పది అంగుళాల సబ్‌వూఫర్ ఒకటి తెచ్చి, నెల రోజులుగా దానితో కుస్తీ పడుతున్నాను.

గది పొడవు 4.2 మీటర్లు, వెడల్పు 3.2 మీటర్లు, ఎత్తు 2.9 మీటర్లు. వెడల్పు వైపు గోడకు దగ్గరగా, ఒకదానికొకటి 1.8 మీటర్ల దూరంలో స్పీకర్లు ఉన్నాయి. ఎదుటి గోడకు మంచం తలవైపు ఆనించి ఉంటుంది. నేను మంచం మధ్యలో, గోడకు దిండు వేసుకుని ఆనుకుని కూర్చుని వింటాను. సబ్‌వూఫర్ స్పీకర్ల వైపు ఎడమ మూలలో ఉంది, ఎందుకంటే ఖాళీగా ఉన్న చోటు అదొక్కటే. యాంప్లిఫయర్ స్పీకర్ టెర్మినళ్ళ నుంచే తీగలు లాగి సబ్‌వూఫర్ హై లెవెల్ ఇన్‌పుట్‌కు (స్పీకర్ తీగల సంకేతాన్నే తీసుకునే ఇన్‌పుట్‌కు) కలిపాను. సబ్‌వూఫర్ ఎంత పై స్వరం దాకా వాయించాలో చెప్పే క్రాసోవర్ నాబ్ 120 హెర్ట్జ్ దగ్గర, దాని శబ్దం ఎంతో చెప్పే గెయిన్ సగం దగ్గర ఉంచాను.

ఇప్పుడు వస్తున్న ఇబ్బంది ఇది. బేస్ గిటార్ వాయించేవారు అట్టడుగు తీగ మీదికి వచ్చినప్పుడల్లా గదంతా గుమ్మని ఊగిపోతుంది, ఆ వెంటనే పక్క తీగ మీదికి వెళ్ళగానే బేస్ ఎవరో ఆపేసినట్టు మాయమవుతుంది. మగ గొంతులు జలుబు చేసినట్టు మొద్దుగా వినిపిస్తున్నాయి, పైగా అవి కొంచెం ఎడమ మూల నుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. లేచి తలుపు దగ్గరకు వెళ్తే బేస్ మరీ ఎక్కువ, గది నడిమధ్య నిలబడితే దాదాపు లేనట్టే. రాత్రిపూట సౌండ్ బాగా తగ్గించి వింటాను కాబట్టి అప్పుడు అసలు బేసే ఉండదు. పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్‌కు మారితే ఇది సర్దుకుంటుందా, లేక గోడలకు ఫోమ్ అంటించమంటారా? ఏది చేయాలో తేల్చుకోలేక మీ సలహా కోరుతున్నాను.

సమాధానం 1

దయచేసి పెద్ద సబ్‌వూఫర్ కొనకండి. మీరు చెప్పిన లక్షణాల్లో ఒక్కటి కూడా దాని శక్తి చాలకపోవడం వల్ల వచ్చినది కాదు, పెద్దది తెస్తే ఇదే గుమ్మనడం ఇంకా పెద్దగా వినిపిస్తుంది.

శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, దానితో 343ను భాగిస్తే, ఆ గోడల మధ్య అటూ ఇటూ తగులుతూ నిలబడిపోయే మొదటి తరంగపు పౌనఃపున్యం వస్తుంది. మీ గది పొడవుకు అది 41 హెర్ట్జ్, వెడల్పుకు 54, ఎత్తుకు 59. ఇక బేస్ గిటార్ సంగతి చూడండి. అట్టడుగు తీగను ఎక్కడా నొక్కకుండా మీటితే వచ్చే స్వరం 41 హెర్ట్జ్, దాని పక్క తీగది 55 హెర్ట్జ్. మీకు గుమ్మంటున్న స్వరమూ, మాయమవుతున్న స్వరమూ ఈ రెండే. వాయించేవారి తప్పూ లేదు, సబ్‌వూఫర్ తప్పూ లేదు, మీ గది ఆ రెండు స్వరాలకు శ్రుతి చేసినట్టుగా ఉంది.

ఒక స్వరం పెరిగి మరొకటి ఎందుకు తగ్గిందన్నది మీరు కూర్చున్న చోటును బట్టి తెలుస్తుంది. పొడవాటి తొట్టిలో నీళ్ళను ఒక వైపు నుంచి మెల్లగా ఊపితే, రెండు అంచుల దగ్గరా నీళ్ళు బాగా లేచి పడుతుంటాయి, నడిమధ్య మాత్రం మట్టం దాదాపు కదలదు. గదిలో గాలి ఒత్తిడి కూడా ఇలాగే ఉంటుంది. మీ తల వెనక గోడకు ఆని ఉంది కాబట్టి, పొడవు వైపు నిలిచిన 41 హెర్ట్జ్ తరంగం అత్యంత బలంగా ఉండే చోట మీరు కూర్చున్నారు. అదే సమయంలో మంచం మధ్యలో, అంటే గది వెడల్పుకు సగంలో ఉన్నారు కాబట్టి, 54 హెర్ట్జ్ తరంగం అత్యంత బలహీనంగా ఉండే చోట కూడా మీరే ఉన్నారు. సబ్‌వూఫర్‌ను మూలలో పెట్టడం వల్ల ఈ తరంగాలన్నీ పూర్తి బలంతో లేస్తున్నాయి, ఎందుకంటే మూల అంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటికీ అంచే. తలుపు దగ్గర బేస్ పెరగడానికీ, గది మధ్యలో పోవడానికీ ఇదే కారణం.

కాబట్టి ముందు సబ్‌వూఫర్ చోటు మార్చాలి. ఏ చోటు మంచిదో లెక్కలతో పూర్తిగా తేలదు, ఎందుకంటే తలుపు, కిటికీ, బీరువా, పరుపు అన్నీ కలిసి లెక్కను కొంత తప్పిస్తాయి. అందుకని చాలామంది చేసే ఒక పని చెబుతాను, నేనూ ఇదే చేశాను. సబ్‌వూఫర్‌ను ఎత్తి మంచం మీద సరిగ్గా మీరు కూర్చునే చోట పెట్టండి. వీలైతే దాని కోన్ (గాలిని తోసే గరాటు లాంటి పొర) మీ చెవి ఎత్తుకు దగ్గరగా వచ్చేలా చూడండి. బేస్ గిటార్ ఒక్కో స్వరం మీదుగా నెమ్మదిగా కిందికీ పైకీ నడిచే పాట ఒకటి ఎంచుకుని, అదే భాగం మళ్ళీ మళ్ళీ వచ్చేలా పెట్టండి. తరవాత మోకాళ్ళ మీద, చెవి నేలకు ఒక అడుగు ఎత్తులో ఉండేలా వంగి, గోడల వెంట నెమ్మదిగా పాకుతూ వినండి. చూసేవారికి వింతగా ఉంటుంది కానీ దీని వెనక గట్టి భౌతికశాస్త్రం ఉంది. శబ్దం పుట్టే చోటునూ వినే చోటునూ తారుమారు చేసినా వాటి మధ్య ప్రతిస్పందన మారదు, కాబట్టి నేల మీద మీకు బాగా వినిపించిన చోట సబ్‌వూఫర్ పెడితే, మంచం మీద మీకు అలాగే వినిపిస్తుంది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. బేస్ ఎక్కువగా వచ్చిన చోటును వెతుకుతారు. వెతకవలసింది, అన్ని స్వరాలూ ఇంచుమించు ఒకే బరువుతో వినిపించే చోటును. మూల దగ్గరకు రాగానే స్వరాలన్నీ కలిసిపోయి ఒకే హోరులా అవుతాయి. అక్కడి నుంచి రెండడుగులు జరిగితే ఒక్కో స్వరం విడివిడిగా, మీటిన వేలు కనిపిస్తున్నంత స్పష్టంగా వినిపించే చోటు తగులుతుంది. అలాంటి చోట్ల నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. నా ఊహ చెప్పమంటే, పొడవాటి గోడల్లో ఏదో ఒకదాని సగం దగ్గర మీకు మంచి చోటు దొరుకుతుంది. 41 హెర్ట్జ్ తరంగానికి అది నిశ్చలమైన చోటు కాబట్టి, అక్కడ కూర్చున్న సబ్‌వూఫర్ దాన్ని పెద్దగా రెచ్చగొట్టలేదు.

సమాధానం 2

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ, నాబ్‌ల గురించి చెబుతాను, ఎందుకంటే మగ గొంతుల సమస్య గది వల్ల వచ్చింది కాదు, 120 హెర్ట్జ్ వల్ల వచ్చింది.

మీ యాంప్లిఫయర్ స్పీకర్లకు పంపే సంకేతంలో కింది స్వరాలను వడకట్టడం లేదు, అంటే మీ చిన్న స్పీకర్లు తమ శక్తి ఉన్నంత మేర కిందికి వాయిస్తూనే ఉంటాయి. ఆ పైన సబ్‌వూఫర్ కూడా 120 దాకా వాయిస్తే, మధ్యలోని ప్రాంతాన్ని రెండూ కలిసి మోస్తాయి. మగ గొంతు ఆధార స్వరాలు ఎక్కువగా ఉండేది అక్కడే, అందుకే గొంతు మొద్దుబారింది. ఇంకొకటి, దాదాపు 80 హెర్ట్జ్‌కు దిగువన శబ్దం ఎటువైపు నుంచి వస్తోందో చెవి సులభంగా పట్టలేదు, పైకి వెళ్ళేకొద్దీ పట్టేస్తుంది. వడపోత నాబ్ దగ్గర ఠక్కున ఆగేది కాదు, వాలులా నెమ్మదిగా తగ్గేది కాబట్టి, 120 దగ్గర పెట్టిన సబ్‌వూఫర్ నుంచి 150, 200 హెర్ట్జ్ శబ్దాలు కూడా కొంత బయటికి వస్తాయి. గొంతు ఎడమ మూలకు జారిపోయింది అందుకే.

క్రాసోవర్ నాబ్‌ను 55, 60 ప్రాంతానికి దించి మొదలుపెట్టండి. గెయిన్ పూర్తిగా తగ్గించి, మీకు బాగా తెలిసిన పాట వింటూ నెమ్మదిగా పెంచండి. సబ్‌వూఫర్ మోగుతోందని తెలిసిన క్షణంలో కొంచెం వెనక్కి తిప్పండి. అది మోగుతున్నప్పుడు ఉన్నట్టు తెలియకూడదు, స్విచ్ ఆపితే మాత్రం పాట నేల మీద నుంచి లేచిపోయినట్టు అనిపించాలి. అంత తక్కువగానే ఉండాలి. కొత్తగా కొన్న ఉత్సాహంలో ఎక్కువ పెట్టుకోవడం సహజం, నేనూ ఏడాది పాటు ఎక్కువ పెట్టుకునే విన్నాను, ఇప్పుడు ఆ రోజుల గెయిన్‌తో అయిదు నిమిషాలు కూడా వినలేను.

ఫేజ్ సంగతి మీరు ప్రస్తావించలేదు. స్పీకర్లూ సబ్‌వూఫర్ కలిసి వాయించే పౌనఃపున్యం దగ్గర, ఒకటి గాలిని ముందుకు తోస్తున్నప్పుడు రెండోది వెనక్కి లాగుతుంటే, రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. మీకు మాయమైన 55 హెర్ట్జ్‌లో దీని వాటా కూడా ఉండవచ్చు. 60 హెర్ట్జ్ టోన్ ఒకటి పెట్టి, మీరు మంచం మీద కదలకుండా కూర్చుని, మరొకరి చేత ఫేజ్ స్విచ్‌ను 0 నుంచి 180కి మార్పించండి. దేనిలో శబ్దం పెద్దదిగా వస్తే అదే సరైనది. స్విచ్‌కు బదులు తిప్పే నాబ్ ఉంటే ఇంకా మంచిది. తేడా తెలియడం కష్టమనిపిస్తే, శబ్దం అత్యంత తక్కువయ్యే చోటును పట్టుకోండి, ఎందుకంటే చెవికి పెరగడం కన్నా పడిపోవడం స్పష్టంగా తెలుస్తుంది. ఆ చోటు దొరికాక, స్పీకర్లను ముట్టుకోకుండా సబ్‌వూఫర్‌కు వచ్చే రెండు చానళ్ళ ప్లస్, మైనస్ తీగలను మాత్రం తారుమారు చేస్తే, అత్యంత తక్కువ కాస్తా అత్యంత ఎక్కువవుతుంది. సబ్‌వూఫర్ చోటు మార్చినప్పుడల్లా ఇది మళ్ళీ చేసుకోవాలి. ఒక్క మీటరు దూరం తేడాకు శబ్దం దాదాపు 2.9 మిల్లీసెకన్లు వెనకబడుతుంది, 60 హెర్ట్జ్‌కు ఒక ఆవృత్తి 16.7 మిల్లీసెకన్లే కాబట్టి మీటరున్నర తేడా అంటే పావు ఆవృత్తి తేడా వచ్చినట్టే.

తీగల గురించి ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. యాంప్లిఫయర్ ఆపి, ప్లగ్ తీసిన తరవాతే స్పీకర్ టెర్మినళ్ళను ముట్టుకోండి. కొన్ని యాంప్లిఫయర్లలో, ముఖ్యంగా క్లాస్ డి రకంలోనూ బ్రిడ్జ్ పద్ధతిలోనూ, నల్ల టెర్మినల్ కూడా సంకేతాన్ని మోస్తుంది, అది గ్రౌండ్ కాదు. అలాంటి వాటిలో రెండు చానళ్ళ నల్ల టెర్మినళ్ళను సబ్‌వూఫర్ లోపల కలిపేసినా, గ్రౌండ్‌కు తగిలించినా యాంప్లిఫయర్ పాడయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు తీగలను తారుమారు చేయడం కూడా ప్రమాదమే. మీ యాంప్లిఫయర్, సబ్‌వూఫర్ మాన్యువళ్ళలో ఈ విషయం చూసుకోకుండా ముందుకు వెళ్ళవద్దు, అనుమానం ఉంటే ఫేజ్ నాబ్‌తోనే సరిపెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. మాన్యువల్ చూశాను, నా యాంప్లిఫయర్‌లో నల్ల టెర్మినళ్ళు గ్రౌండ్‌కే కలిసి ఉన్నాయి. నిన్న సబ్‌వూఫర్‌ను మంచం మీదికి ఎక్కించి గోడల వెంట పాకుతూ విన్నాను. మూలలో విన్నప్పుడు నాలుగు స్వరాలు ఒకే స్వరంలా వినిపించాయి. ఎడమ గోడ వెంట వస్తూ, మంచం కాళ్ళవైపు అంచు దాటాక ఒక జానెడు దూరంలో హోరు అంతా దిగిపోయి, వేళ్ళు ఒక తీగ నుంచి ఇంకో తీగ మీదికి జరగడం కూడా తెలిసింది. కొలిస్తే అది స్పీకర్ల వెనక గోడ నుంచి సరిగ్గా రెండు మీటర్లు, అంటే మీరు ఊహించిన సగం చోటే. సబ్‌వూఫర్‌ను అక్కడికి మార్చి, క్రాసోవర్ 58 దగ్గర పెట్టి, ఫేజ్ నాబ్‌ను 90 దాటించి ఉంచాను. గొంతులు మధ్యకు వచ్చేశాయి. అయితే అట్టడుగు తీగ ఇప్పటికీ మిగతావాటి కన్నా కొంచెం బరువుగానే ఉంది. దీనికి ఫోమ్ పనికొస్తుందా అన్నది ఇంకా అడగాలని ఉంది.

సమాధానం 3

ఫోమ్ పనికిరాదు. 41 హెర్ట్జ్ తరంగం పొడవు 8.4 మీటర్లు. ఫోమ్, దూది, కర్టెన్ లాంటివి గాలి కణాలు వేగంగా కదిలే చోటే శబ్దాన్ని మింగుతాయి, గోడను ఆనుకుని ఆ కదలిక దాదాపు ఉండదు, గోడ నుంచి తరంగం పొడవులో నాలుగో వంతు దూరంలో, అంటే మీ విషయంలో 2.1 మీటర్ల దగ్గర అది అత్యధికం. అయిదు సెంటీమీటర్ల ఫోమ్‌కు 41 హెర్ట్జ్ తగిలినట్టు కూడా తెలియదు. అది మింగేది పై స్వరాలను, కాబట్టి గదంతా ఫోమ్ అంటిస్తే తాళాల మెరుపు పోతుంది, గుమ్మనడం అలాగే మిగిలి ఇంకా ఎత్తి చూపినట్టవుతుంది. పడకగదికి పరుపు, దుప్పట్లు, కర్టెన్ల రూపంలో పై స్వరాలను మింగేవి ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి.

మీరు ఇప్పుడు చేయగలిగింది ఈక్వలైజర్‌తో, అంటే ఎంచుకున్న పౌనఃపున్యాలను తగ్గించే, పెంచే సాధనంతో, 41 హెర్ట్జ్ దగ్గరి ఆ ఒక్క శిఖరాన్ని కోయడం. దానికి ముందు కొలవాలి. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దానికి తోడుగా యూఎస్‌బీ కొలత మైక్రోఫోన్ ఒకటి ఉంటే చాలు. మైక్రోఫోన్‌ను మీ తల ఉండే చోట పెట్టి, 20 నుంచి 200 హెర్ట్జ్ వరకు స్వీప్ (కింది నుంచి పైకి ఆగకుండా జారే టోన్) పంపితే, ఏ పౌనఃపున్యం ఎంత గట్టిగా వస్తోందో చూపే గీత కనిపిస్తుంది. 41 దగ్గర ఎంత ఎత్తు లేచిందో చూసి, అంతే వెడల్పున్న ఒక్క ఫిల్టర్‌తో దాన్ని దించండి. తరంగం వల్ల లేచిన శిఖరాన్ని ఇలా సరిగ్గా కోస్తే, స్వరం ఆగాక మిగిలే సాగదీత కూడా తగ్గుతుంది, మీరు వినేటప్పుడు అసలు తేడా అక్కడే తెలుస్తుంది. గీతలో కిందికి పడిన గుంటల జోలికి మాత్రం వెళ్ళవద్దు. తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం వల్ల పడిన గుంటలో ఎంత పోసినా, పోసినది కూడా అలాగే రద్దవుతుంది. మధ్యలో యాంప్లిఫయరూ కోన్ వృథాగా శ్రమపడతాయి. అడుగు స్వరాల దగ్గర ఈ శ్రమ చిన్నది కాదు, ఒక సప్తకం కిందికి దిగి అంతే శబ్దం రావాలంటే కోన్ నాలుగింతలు కదలాలి.

54 హెర్ట్జ్ దగ్గరి గుంట ఇంకా బాధిస్తుంటే, కూర్చునే చోటును మధ్య నుంచి ఒక 30 సెంటీమీటర్లు పక్కకు జరిపి చూడండి. స్టీరియో సమతూకం కొంచెం చెదురుతుంది, బేస్ నిండుతుంది. నేనైతే ఆ బేరానికి ఒప్పుకోను, గొంతు నడిమధ్య నిలబడటం నాకు బేస్ కన్నా ముఖ్యం, కానీ వినేది మీరు.

తరవాత ఎప్పుడైనా ఖర్చు పెట్టాలనిపిస్తే, పన్నెండు అంగుళాలది కాకుండా ఇప్పుడున్నలాంటిదే ఇంకొకటి తీసుకుని కుడి గోడ సగంలో పెట్టండి. టాడ్ వెల్టీ 2002లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీకి సమర్పించిన పత్రంలో, దీర్ఘచతురస్రాకారపు గదుల్లో ఎదురెదురు గోడల మధ్య బిందువుల దగ్గర పెట్టిన రెండు సబ్‌వూఫర్లు వేర్వేరు సీట్ల మధ్య బేస్ తేడాను బాగా తగ్గిస్తాయని చూపించారు. ఎడమ గోడ దగ్గరి సబ్‌వూఫర్ గది వెడల్పు తరంగాన్ని ఒక వైపు నుంచి లేపుతుంటే, కుడి గోడ దగ్గరిది దానికి సరిగ్గా ఎదురు వైపు నుంచి తోసి అణచివేస్తుంది.

రాత్రిపూట బేస్ పోవడం మాత్రం మీ పరికరాల లోపం కాదు, చెవి తీరే అంత. 1933లో ఫ్లెచర్, మన్సన్ ప్రచురించిన, వేర్వేరు పౌనఃపున్యాలు చెవికి ఒకే గట్టిగా వినిపించాలంటే ఎంత శబ్దం కావాలో చూపే వక్రరేఖలూ, వాటి తరవాత వచ్చిన ఐఎస్ఓ 226 ప్రమాణమూ ఇదే చెబుతాయి. 1000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్‌ల శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో, 50 హెర్ట్జ్ దగ్గర అంతే గట్టిగా వినిపించాలంటే దాదాపు 78 డెసిబెల్‌లు కావాలి. సౌండ్ తగ్గించేకొద్దీ ఈ అంతరం పెరుగుతుంది కాబట్టి, రాత్రి వినడానికి గెయిన్ కొంచెం పెంచుకోవడం తప్పు కాదు. గెయిన్ నాబ్ మీద పగటికీ రాత్రికీ రెండు చిన్న చుక్కలు పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

మైక్రోఫోన్ అరువు తెచ్చుకుని కొలిచాను. 41 దగ్గర చుట్టుపక్కల కన్నా 5 డెసిబెల్‌లు లేచి ఉంది, దాన్ని కోయగానే అట్టడుగు తీగ మిగతా తీగల వరుసలోకి వచ్చి కూర్చుంది. 54 దగ్గర చిన్న గుంట ఉంది, దాన్ని అలాగే వదిలేశాను, మీలాగే నేనూ గొంతును మధ్యలోనే ఉంచుకున్నాను. నాబ్ మీద రెండు చుక్కలు పెట్టాను.

స్వీప్ పంపేటప్పుడు ఇంకొకటి బయటపడింది. గీత 70 దాటుతున్నప్పుడు ఎక్కడో సన్నగా బరబరమనే చప్పుడు వచ్చేది. ఇన్నాళ్ళూ అది సబ్‌వూఫర్ కోన్ చిరిగిన చప్పుడేమోనని మనసులో బెంగ ఉండేది. 72 హెర్ట్జ్ టోన్ ఆగకుండా పెట్టి గదిలో ఒక్కో వస్తువు మీదా అరచేయి ఆనిస్తూ వచ్చాను. బీరువా ఎడమ తలుపు మీద చేయి పెట్టగానే చప్పుడు ఆగింది. తలుపుకూ చట్రానికీ మధ్య రెండు ఫెల్ట్ ముక్కలు అంటించాను.

సమాధానం 2 ఇచ్చినవారు

సంతోషం. ఫెల్ట్ అంటించిన తరవాత తలుపు కొంచెం బిగుసుకుంటుంది, ఆ బరువుకు ముక్కలు కొన్నాళ్ళకు అణగిపోతాయి, కాబట్టి అదే టోన్‌ను ఒక ఫైలుగా దాచుకుని అప్పుడప్పుడు వినిపించి చూసుకోండి. మంచం జరిపినా, బీరువా జరిపినా ఫేజ్ పరీక్ష మరొక్కసారి చేయడం మరచిపోవద్దు.